ఊరికే కూర్చునే మనిషి

గురువారం మధ్యాహ్నం చర్చిలో ఎవరూ ఉండరు.

ఆ రోజు మాత్రం చివరి బెంచీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో బైబిలు లేదు. మోకాళ్లూనలేదు. పెదవులు కదలడం లేదు.

ఆదివారం పాటలు సాధన చేద్దామని వచ్చిన మ్యూజిక్ టీచరుకి గుండె ఝల్లుమంది. కిందటి వారమే చర్చిలో రెండు మైకులు మాయమయ్యాయి మరి.

"ఎవరండీ మీరు?"

"ఊరికే కూర్చుందామని వచ్చానమ్మా."

"ప్రార్థన చేసుకుంటున్నారా?"

"ఏమీ అడగడం లేదు. కూర్చున్నానంతే."

ఊరికే కూర్చోవడానికి ఈయనకి చర్చే దొరికిందా?

వాచ్‌మన్‌ని అడిగింది.

"రోజూ వస్తున్నాడమ్మా. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో!"

సంఘ పెద్దకు ఫోన్ చేసింది. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. ఈ సంఘంలో చేరి నాలుగేళ్లే అయినా పెత్తనమంతా ఆయనదే.

"ఓ కన్నేసి ఉంచమ్మా. ఏ ముఠా మనిషో ఏమో!"

కన్నేసి ఉంచడానికి ఆమె రోజూ వచ్చి నడవకు ఇవతలి బెంచీలో కూర్చునేది. మొదటి రోజు పది నిమిషాలకే విసుగు పుట్టింది. నాలుగో రోజు అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఆరో రోజు, ఎవరికీ చెప్పని మాట ఆమె నోరు జారింది.

"నేను ప్రతి ఆదివారం కీర్తనలు వాయిస్తాను. అందులో ఒక్క ముక్క నమ్మను. మా అక్క కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. అక్క దక్కలేదు."

ఆయన ఓదార్చలేదు. బైబిలు వాక్యం ఎత్తలేదు.

"ఆ సంగతి దేవుడితో చెప్పావా అమ్మా?"

"లేడనుకున్నవాడికి ఏం చెబుతామండీ?"

"'నువ్వు లేవనుకుంటున్నాను' అనే చెప్పు. నేను ఏళ్ల తరబడి అదే చెప్పాను."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

"ఊపిరి పీలుస్తూ 'ప్రభువా' అనుకో. వదులుతూ 'ఇక్కడే ఉన్నాను' అనుకో. అంతకుమించి ఏమీ అడక్కు" అన్నాడాయన.

ఆ ఆదివారం, అక్క పోయాక మొదటిసారి, వాయిస్తున్న కీర్తనలో ఆమె గొంతు కూడా కలిసింది.

బుధవారం సంఘ పెద్ద స్వయంగా దిగాడు. అప్పుడు ముసలాయన ముందుకెళ్లి, ప్రసంగ వేదిక అంచు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"ఏయ్, అక్కడేం పని? ఇంకేం ఎత్తుకుపోదామని?"

"ఏమీ లేదండీ. చూస్తున్నానంతే."

"ఈ ఊపిరి పీల్చడాలూ వదలడాలూ ఏమిటయ్యా? ఇది చర్చా, కసరత్తు క్లాసా? మా టీచరుకి కూడా ఎక్కిస్తున్నావని వాచ్‌మన్ చెప్పాడులే!"

ముసలాయన బెంచీలో ఉన్న టీచరు వైపు చూడనైనా లేదు.

"ఆవిడ తప్పేం లేదండీ. నేనే కదిపి మాట్లాడాను."

టీచరు నోరు తెరవబోయింది. అసలు నీకు నమ్మకం ఉందా లేదా అని పదిమందిలో నిలదీస్తే? తల దించుకుంది.

ఆయన చేతికర్ర అందుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే మైకులు దొరికాయి. ఎలక్ట్రీషియన్ రిపేరుకి పట్టుకెళ్లి, ఆ మాట చెప్పడం మరిచిపోయాడట.

ఆమె రోజూ వచ్చి ఆయన చోట్లోనే కూర్చుంది. ఊపిరి పీల్చింది, వదిలింది, ఎదురుచూసింది. ఆయన రాలేదు.

నెల తిరిగాక ఒక నర్సు యూనిఫాంలోనే వచ్చింది.

"మా నాన్నగారు పోయారండీ. చివరి రోజుల్లో ఇక్కడికే వచ్చేవారు. ఆయన ఎక్కడ కూర్చునేవారో చూపిస్తారా?"

టీచరు లేచి నిలబడింది.

"ఆయన్ని మేం... వెళ్లగొట్టామమ్మా."

"తెలుసండీ, చెప్పారు. ఆయనకది కొత్త కాదులెండి."

నర్సు ప్రసంగ వేదిక వైపు చూసింది.

"ముప్పై ఏళ్ల కిందట అక్కడే నిలబడి, 'నాకు దేవుడి స్వరం వినిపించడం లేదు, నా కోసం ప్రార్థించండి' అన్నందుకు ఈ సంఘం సాగనంపిన పాస్టరు గారు ఆయనే."