బీమా కడియం నమ్మిన కథ

ఇప్పుడు మా ఊళ్లో పుట్టిన బిడ్డకు మొలతాడు కన్నా ముందు బీమా కడియం తొడుగుతున్నారు. మనమేం మాట్లాడినా అది వింటుంది, వైద్యానికి బీమా ఇవ్వాలో వద్దో అదే తేలుస్తుంది.

నేను స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రికి చూడవచ్చిన టీకొట్టు మిత్రులకు మాత్రం, తాటిచెట్టు మీంచి పులి వీపు మీదికి దూకానని చెప్పాను.

"కావాలని పులి మీదికి దూకితే బీమా వర్తించదు. మీ ఆపరేషన్ ఆపించాను," అంది నా చేతి కడియం.

"అబద్ధమని చెప్పవయ్యా!" అని మా ఆవిడ కాంతమ్మ నెత్తి కొట్టుకుంది.

"చెప్పెయ్ బావా, మేం ఎప్పుడు నమ్మాం గనకా!" అని నవ్వాడు ఆ మిత్రుల్లో ఒకడైన వీరాస్వామి.

తల దించుకుని, "సబ్బు మీద కాలేశాను," అన్నాను.

కడియం వెంటనే ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

ఇన్నేళ్లలో నా కథను నిజమని నమ్మింది అదొక్కటే. దాని వంక చూడటానికి నాకు మొహం చెల్లలేదు.