అంతా కొత్తదే

వరండా ముందు ఎవరో ముసలాయన వంగి, చిన్న స్క్రూడ్రైవర్‌తో చెక్క స్తంభం మొదలు పొడిచి చూస్తున్నాడు.

తెర చాటునుంచి అది చూసిన హల్డాకు గుండె జారిపోయింది.

కిందటి నెల ఇదే వీధిలో మెరియమ్ వాళ్ల ఇంటినీ మునిసిపాలిటీ వాళ్లు ఇలాగే పొడిచి చూశారు. కలప పుచ్చిందన్నారు. వారం తిరక్కుండా నూరేళ్ల ఇంటిని నేలమట్టం చేశారు. ఒహాయో నది మీద కొత్త వంతెన వస్తోంది మరి. ఆ చిన్న ఊళ్లో పాత ఇళ్లన్నీ రోడ్డుకు అడ్డమైపోయాయి.

"అక్కా, మనింటికీ వచ్చేశాడే," అంది చెల్లెలు వర్నా.

"నువ్వు వంటింట్లోంచి కదలకు. నేను చూసుకుంటా."

హల్డా తలుపు ఓరగా తీసింది.

ఆయన టోపీ తీశాడు. "క్షమించాలమ్మా. నా పేరు..."

"మీరెవరో మాకు తెలుసు లెండి."

"తెలుసా? మంచిదే. ఈ స్తంభాలు ఇల్లు కట్టినప్పటివేనా?"

"కాదు. మొన్ననే మార్పించాం. రాళ్లలా ఉన్నాయి."

"లోపల మెట్ల రెయిలింగు చేత్తో చెక్కిందని విన్నాను."

ముత్తాత ఒక చలికాలమంతా కూర్చుని చెక్కిన రెయిలింగు సరిగ్గా ఆమె వీపు వెనకే ఉంది. హల్డా గుమ్మానికి అడ్డంగా జరిగింది.

"అదెప్పుడో తీసేశాం. తలుపులు, కిటికీలు, నేల చెక్కలు, పుచ్చిందనేదే లేదిక్కడ. అంతా కొత్తదే."

"ఒక్కసారి చూడనిస్తారా? చాలా దూరం నుంచి వచ్చాను."

"మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదు."

ఆయన ఇంటిని కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "అయ్యో, అంతా మార్చేశారన్నమాట," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"భలే బోల్తా కొట్టించావక్కా," అంది వర్నా. చాలా రోజుల తరవాత ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

మూడు వారాలకు ఇల్లు కూల్చేస్తామని నోటీసు వచ్చింది. హల్డా అది పట్టుకుని మునిసిపాలిటీకి పరుగెత్తింది.

"మీ మనిషే వచ్చి చూసుకున్నాడుగా? పుచ్చు ఎక్కడుందట?"

గుమాస్తా ఆల్డెన్ తల వంచుకున్నాడు. అతనిదీ ఆ వీధే.

"ఆయన మా మనిషి కాదమ్మా. వీధి వాళ్లమంతా రాజధానికి వెళ్లి బతిమాలుకుంటే వచ్చాడు. ముందుగా చెబుదామంటే భయంతో మీరు ఫోనే ఎత్తరాయె."

"ఎందుకు రప్పించారు?"

"పాత పనితనం చెక్కుచెదరకుండా ఉందని పాత కట్టడాలను కాపాడే శాఖ తరఫున ఆయన ఒక్క ముక్క రాస్తే, మీ ఇంటి మీద ఎవరూ చెయ్యి వేయలేకపోయేవాళ్లు."