టేపు చుట్టిన కాలు

"నువ్వే చెప్పావు," అన్నాడు కైర్బెక్.

హెల్మెట్ తగిలించుకుంటున్న జెనా చెయ్యి ఆగిపోయింది. ఇద్దరూ ఓస్కెమెన్ ఊరి ఐస్ హాకీ జట్టు డిఫెండర్లు. ఏళ్ల తరబడి మంచు మీద ఒకరి వెనక ఒకరు కాపు కాసినవాళ్లు. ఇప్పుడు విరామంలో, బట్టలు మార్చుకునే గదిలో, బల్ల మీద చాపిన కైర్బెక్ కుడి చీలమండ బూరెలా పొంగిపోయి ఉంది. ఎముక విరిగిందని చెప్పి డాక్టరు అంబులెన్సు పిలవడానికి వెళ్లాడు.

కాలి మంట కంటే కడుపుమంట ఎక్కువైంది కైర్బెక్‌కి. ఆ చీలమండ వారం నుంచి బాధపెడుతోంది. కోచ్‌కి కూడా తెలియనివ్వలేదు. వచ్చే ఏడాదికి ఈ ఇద్దరు పాతకాపుల్లో ఒక్కడినే ఉంచుకుంటామన్నారు. ఈ చివరి ఆట నిలబడి ఆడితే ఆ చోటు కైర్బెక్‌ది, లేకపోతే జెనాది. ఇంట్లో భార్య బోటాగోజ్ రోజూ గొర్రె తోక కొవ్వు కరిగించి కాలికి పట్టు వేసింది. ఇవాళ ఆటకు ముందు, బాగున్న ఎడమ కాలికి మేజోడు మీదుగా తెల్లటేపు దట్టంగా చుట్టించుకున్నాడు. దెబ్బ ఉన్నది అక్కడేననుకుని కొట్టేవాళ్లు ఆ కాలినే వెతుక్కుంటారు, కొట్టుకోనీ అని. చుట్టింది జెనాయే.

ఆట మొదలయ్యే ముందు ఎదుటి జట్టు ఫార్వర్డ్ దియాస్ జారుకుంటూ పక్కకు వచ్చాడు. బోటాగోజ్‌కి సొంత తమ్ముడు.

"బావా, నిన్న అక్క మా జట్టు దిగిన హోటల్‌కి తెచ్చిన బౌర్సాకు రొట్టెలన్నీ నేనే లాగించా. ఆ బలమంతా ఇవాళ నీ మీదే."

"ముందు గోడకి గుద్దుకుని పడకుండా చూసుకో," అన్నాడు కైర్బెక్. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండో భాగంలో, మూలకు పోయిన పక్ బిళ్ల కోసం కైర్బెక్ వంగాడు. వెనకనుంచి దూసుకొచ్చిన దియాస్ తెల్లటేపు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కర్ర ఎత్తి సూటిగా కుడి చీలమండ మీద వేశాడు.

"కొట్టింది నీ బావమరిది, తిట్టేది నన్నా?" అన్నాడు జెనా.

"మంచు మీద బావేంటి, బావమరిదేంటి. తెలిస్తే నేనైనా అక్కడే కొడతా. పాపం చెప్పినవాడిది. జట్టులో నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. నా చోటు కోసం నన్ను అమ్మేశావు."

జెనా మొహం పాలిపోయింది. చేతులు రెండూ ముందుకు చాపి, "నీకు టేపు చుట్టిన చేతులురా ఇవి," అని, తొడుగులు వేసుకుని రింకులోకి వెళ్లిపోయాడు.

ప్రేక్షకుల్లోంచి పరుగున వచ్చిన బోటాగోజ్ భర్త కాలు చూసి అక్కడే కూలబడింది. కైర్బెక్ ఆమె తల నిమిరాడు. తమ్ముణ్ణి ఏమీ అనొద్దన్నాడు, వాడి ఆట వాడు ఆడాడన్నాడు. తన ఆట ఇవాళ్టితో సరి అని, గొంతు కోసింది జెనా అని, చచ్చేదాకా వాడి మొహం చూడనని చెప్పాడు. చెబుతుంటే కన్నీళ్లు ఆగలేదు.

"జెనా కాదు," అంది బోటాగోజ్, తలెత్తకుండానే. "నిన్న నేనే దియాస్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలాను, ఆ కుడికాలి జోలికి మాత్రం పోవద్దురా అని."