పట్టపగలు పరదాలు

"ఆ పరదా వదులు రియాన్!" విసనకర్రలా ఊపుతున్న పేపరు పక్కన పడేసి లేచింది ఓల్వెన్.

"ఎండ నేరుగా మీ కుర్చీ మీద పడుతోంది అత్తయ్యా. మన వేల్స్‌లో ఇలాంటి ఎండ ఎన్నడన్నా చూశామా?" అంది కోడలు.

"పట్టపగలు పరదా వేస్తే ఈ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారే. మీ మామయ్య పోయిననాడు వేశాను. మళ్లీ నేను పోయాక నువ్వెయ్యి."

"వెయ్యకపోతే ఆ ముచ్చట ఇవాళే తీరేట్టుంది. ఒకసారి వీధిలోకి చూడండి, అందరూ వేసుకున్నారు."

ఓల్వెన్ చూసింది. వరసనున్న ఇళ్లన్నీ కళ్లు మూసుకున్నట్టున్నాయి, ఎదురిల్లు తప్ప. అందులో ఒంటరిగా ఉండేది ముసలి ఎమ్రిస్.

"ఎమ్రిస్ వెయ్యలేదుగా!" అంది గెలిచినట్టు.

"నిన్న అందరికంటే ముందు వేసింది ఆయనే. మీరే గుమ్మంలోంచి అరిచారు, 'ఎవరు పోయారోయ్, నువ్వేనా?' అని. వీధంతా నవ్వేసరికి తీసేశాడు."

ఓల్వెన్ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. ఎదురింటి కిటికీ నిండా ఎండ. ఆ ఎండలో, కుర్చీలో, ఎమ్రిస్ తల పక్కకి వాలిపోయి ఉంది.

నీళ్ల జగ్గు అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఆమె వీధి దాటింది. తలుపు తోసుకుని వెళ్లి అతని ముఖం మీద నీళ్లు చల్లింది.

"ఎమ్రిస్! ఏయ్, ఎమ్రిస్!"

కాసేపటికి అతని పెదవులు కదిలాయి. "ఇంకా... ఎవరూ పోలేదులే."

"నోర్మూసుకుని తాగు" అంటూ జగ్గు అతని నోటికి ఆనించింది. రెండు గుక్కలు దిగాక లేచి, తన చేత్తోనే అతని పరదాలు లాగి మూసేసింది. తర్వాత గుమ్మంలోకొచ్చి వీధంతా వినపడేలా అరిచింది.

"రియాన్! మనవీ వేసెయ్యవే!"