పాతిక వాట్ల పెట్టె

“ఇది దానంతటది పోలేదు సార్. ఎవరో చంపేశారు.”

స్పీకరు పైభాగంలోంచి ఊడదీసిన, సన్నటి శబ్దాలు పలికించే ట్వీటర్ని మెకానిక్ అరచేతిలో పెట్టి చూపించాడు. వెంట్రుకంత సన్నని తీగచుట్ట మాడి మసైపోయింది. గదంతా కమురు వాసన.

భర్త చూపు అప్పటికే ఆమె వైపు తిరిగింది.

మూడు నెలలు షాపులన్నీ తిరిగి, ఒక్కో జతనీ కళ్ళు మూసుకుని విని మరీ అతను ఎంచుకున్న స్పీకర్లు. వచ్చి పది రోజులు కాలేదు.

“రెండొందల వాట్ల స్పీకరు. పాతిక వాట్ల ఆంప్లిఫయర్‌కి ఎలా కాలుతుందయ్యా?” అన్నాడు భర్త.

“అక్కడే అందరూ బోల్తా పడతారు సార్. రెండొందలంటే స్పీకరు తట్టుకునే శక్తి. ఇచ్చేది ఆంప్లిఫయరు. చిన్నదాన్ని పట్టుకుని సౌండు నాబు చివరిదాకా తిప్పితే దానికి ఊపిరాడదు, శబ్దం చిరిగిపోతుంది. ఆ దెబ్బకి ముందు పోయేది ట్వీటరే. పెద్దది కొనమని ఆ రోజే మొత్తుకున్నాను, విన్నారా?”

భర్త చూపు ఆంప్లిఫయర్ మీదికి వెళ్ళింది. అది వాళ్ళ నాన్న బతికుండగా తన చేతులతో కట్టింది. మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి ఆయన. టంకం పొగ, వార్నిషు వాసన వేసే చెక్కపెట్టె, దాని ముందు చిన్న ఎర్రదీపం. అది వెలిగిందంటే నాన్న ఇంట్లో ఉన్నట్టే.

“నువ్వే తిప్పావు కదూ?”

“నేను ముట్టుకోలేదండీ.”

“మరి దెయ్యం తిప్పిందా? పగలు ఇంట్లో ఉండేది ఇద్దరు. అమ్మకి ఆరేళ్ళుగా పిడుగు పడ్డా వినపడదు. ఆవిడ పాటలు పెట్టుకుందంటావా?”

కిటికీ దగ్గర అత్తగారు చొక్కాకి గుండీ కుడుతోంది. తలెత్తలేదు.

“స్పీకరు పోతే పోయింది. అబద్ధమెందుకు?”

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో భర్త తనని దొంగని చూసినట్టు చూడటం ఇదే మొదలు.

“గొడవెందుకు సార్, క్యాసెట్ ఇంకా టేప్‌రికార్డర్ లోపలే ఉంది. ఏం పెట్టారో చూస్తే పోలా?” అన్నాడు మెకానిక్. రెండో స్పీకరు ఇంకా బతికే ఉంది. నాబు బాగా తగ్గించి మీట నొక్కాడు.

కాసేపు గరగర. తర్వాత ఎక్కడో దూరం నుంచి ఒక మగగొంతు.

“హలో... హలో... మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు. ఒసేయ్, అక్కడికి వినపడుతోందా?”

భర్త కుర్చీలో కూలబడ్డాడు. “నాన్న!”

కళ్ళు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. “ఇది నీకెక్కడ దొరికింది?”

“మావయ్యగారిని నేను చూడనే లేదు కదండీ. ఆయన గొంతు ఇలా ఉంటుందని ఇప్పుడే తెలిసింది,” అంది ఆమె. ఇక ఏడుపు ఆగలేదు.

గుండీ కుడుతున్న చేతులు ఆగాయి. అత్తగారు తిరుగుతున్న క్యాసెట్‌నీ, మెకానిక్ చేతిలో మాడిన తీగనీ, కోడలి తడికళ్ళనీ ఒక్కొక్కటిగా చూసింది. లేచి వచ్చి, కొడుక్కీ కోడలికీ మధ్య నిలబడింది.

“సౌండు పెంచింది నేనేరా, స్పీకరు మీద చెయ్యి పెడితే మీ నాన్న గొంతు చేతికి తెలుస్తోంది.”