జమాలుద్దీన్ అడిగిన గుంతలు

మచ్చ బొల్లారంలో మా కాలనీ ప్రెసిడెంటు జమాలుద్దీన్ అంటే అందరికీ ప్రాణం. బోర్లు ఎండుతున్నాయి, ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వండని రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఒక్కరూ తవ్వలేదు. గోడ కూలుతుందేమోనని నాకూ భయమే.

"తవ్వకుంటే ఆదివారం రాజీనామా ఇస్త అవ్వా" అన్నాడు చివరికి.

"గట్లనకు బిడ్డా. నీ అసుంటోడు మాకు మల్ల దొరుకుతడా?" అన్నాను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున్నే వచ్చి చూశాడు. ప్రతి ఇంటి ముందూ గుంత తవ్వి ఉంది. తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"అందరు నా మాట విన్నరు అవ్వా. జర లోతు చాలలే, అంతే. ఇగ రాజీనామా ఇయ్య."

అవి అతని వీడ్కోలు సన్మానానికి వీధి పొడుగునా పందిరి గుంజలు పాతే గుంతలని ఎలా చెప్పను?