అచ్చం ఇంట్లోలాగే

“తర్వాతి లైను చదువు రెబ్కా!” గుర్‌గావ్ ఆఫీసు నుంచి ఫోన్లో తొందరపెట్టాడు నథానియేలు.

ఇంటి కంప్యూటర్‌లో ముచ్చటపడి అమర్చుకున్న ఎడిటర్ సెట్టింగులు లేనిదే అతనికి ప్రోగ్రాం రాయబుద్ధి కాదు. ఆఫీసులోకి పెన్‌డ్రైవ్ రానివ్వరు, సొంత మెయిలు తెరుచుకోదు. అందుకే నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సైన భార్య, ద్వారకలోని ఇంట్లో నిద్ర మానుకుని ఆ సెట్టింగులు చదువుతుంటే అతను టైపు చేస్తున్నాడు.

“చుక్క... కాదండీ, కోలన్.” ఆవలించింది రెబ్కా.

“అచ్ఛా, రంగులు చెప్పు.”

“వెనక నలుపు, అక్షరాలు పచ్చ. అయిపోయింది.”

తెర రంగు మారగానే నథానియేలు పొంగిపోయాడు. “ఇప్పుడిక్కడ అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది!”



“మరైతే సాయంత్రం ఇంటికి రావడమెందుకండీ?” అని ఫోను పెట్టేసింది.

టిఫిన్ తిన్నావా అని అడగనేలేదని అతనికి అప్పుడు తట్టింది. మళ్లీ ఫోను చేద్దామంటే ఆమె నిద్ర చెడుతుంది.